మైకులో అడిగిన ప్రశ్న

నేను పుట్టుకతో సిగ్గరిని కాను. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసుకునే అలవాటున్నా అందులో కూడా రాయలేదు.

సిగ్గరి అన్న ఆ పేరు నాకు రెండో తరగతిలో పెట్టారు. బందరులో మా ఇంటి దగ్గరి చిన్న బడి అది. వేసవి సెలవుల తర్వాత బడి తెరిచిన మొదటి రోజున కొత్త టీచరు ఒక్కొక్కరినీ నిలబెట్టి ఇంటి సంగతులు అడిగింది. నా వంతు వచ్చింది.

"మీ నాన్నేం చేస్తాడే?"

"బోటు మీద వేటకెళ్తాడండి."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"వేటకెళ్ళాడండి."

"ఎప్పుడొస్తాడు?"

అక్కడ నా నోరు మూసుకుపోయింది. గిలకలదిండి హార్బరు నుంచి బోటు సముద్రంలోకి వెళ్ళాక, అందులోని మనిషి ఎప్పుడొస్తాడన్న మాట మా ఇళ్లలో ఎవరూ అడగరు. అడిగినా ఎవరూ చెప్పరు. ఇన్ని రోజులైంది, ఇంకిన్ని ఉన్నాయి అని లెక్కపెట్టరు. పక్కింటివాళ్ళు పలకరిస్తే "వేటకెళ్ళాడు" అని అంతటితో ఆపేస్తారు. రాక గురించి నోటితో అంటే సముద్రం వింటుందని నాయనమ్మ చెప్పేది. అంటే, నేను ఆ మాట చెప్తే నాన్న రాడు. రెండో తరగతి పిల్లకు అంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

టీచరు మళ్ళీ అడిగింది. ఇంకోసారి అడిగింది. నేను కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డాను. "దీనికి సిగ్గెక్కువలే, కూర్చో" అంది. క్లాసంతా నవ్వింది. ఆ సాయంత్రం మా వీధిలో ఉండే పిల్లలు ఆ మాటను ఇంటిదాకా మోసుకొచ్చారు. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో నేను నోరు తెరవబోయేలోపే "దానికి సిగ్గు, దాన్నడక్కండి" అని నా తరఫున ఎవరో ఒకరు చెప్పేసేవారు. ఏళ్ల తరబడి అలా అంటూ ఉంటే ఏ పిల్లయినా అలాగే అవుతుంది. నేనూ అయ్యాను. నలుగురిలో నా గొంతు పెగలదు. బ్యాగులో ఎప్పుడూ ఒక పుస్తకం ఉంటుంది. ఎవరైనా నా వైపు వస్తున్నారంటే అది తెరుస్తాను.

కానీ ఆ రోజు నేను సిగ్గుపడలేదు. మా నాన్నను కాపాడుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత ఇంకో పిల్లకు నా కళ్ళముందే అదే పేరు పెట్టారు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

బందరు నుంచి గుడివాడ వెళ్ళే రోడ్డు మీద, వరిచేల మధ్య అద్దాల గోడలతో ఒక ఇంటర్నేషనల్ స్కూలు ఉంది. అందులో నేను ఒకటో తరగతికి అసిస్టెంట్ టీచర్ని. స్కూలు బస్సులు ఒకవైపు పెడన మీదుగా గుడివాడకు, ఇంకోవైపు చల్లపల్లి మీదుగా అవనిగడ్డకు వెళ్తాయి. ప్రతి జూన్‌లో చిన్న తరగతుల పిల్లల కుటుంబాల కోసం 'వెల్‌కమ్ డే' చేస్తారు. గేటు దగ్గర బెలూన్ల తోరణం, అక్కడి నుంచి స్టేజీ దాకా ఎర్ర తివాచీ. దాని మీద పిల్లను మధ్యలో పెట్టుకుని అమ్మానాన్నలు నడిచొస్తారు. పిల్ల పేరున్న అట్ట కిరీటం తల మీద పెడతారు. తర్వాత ప్రిన్సిపాల్ మేడమ్ మైకు పట్టుకుని ప్రతి పిల్లనూ ఇంగ్లీషులో రెండు మూడు ప్రశ్నలు అడుగుతుంది. బెలూన్లు ఊదేదీ, కిరీటాలు కత్తిరించేదీ, వాటి మీద పేర్లు రాసేదీ నేనే. మాట్లాడే పని కానిదేదైనా నాకే వస్తుంది.

పోయిన ఏడు ఆ రోజుకు ముందు రోజు సాయంత్రం, నేను తోరణం కడుతుంటే ఒకావిడ కూతురితో గేటు దగ్గరకొచ్చింది. పిల్ల ఒకటో తరగతిలో కొత్తగా చేరింది. అప్పటిదాకా హార్బరు దగ్గరి కాన్వెంటులో యూకేజీ చదివింది. ఆవిడ ఎండుచేపల వ్యాపారం చేస్తుందట. ఎవరూ వినకుండా నన్ను పక్కకు పిలిచింది.

"మేడమ్, తల్లీతండ్రీ ఇద్దరూ రావాలని గ్రూపులో పెట్టారు గదండీ. ఆయన రాలేడండి."

"ఏమైందక్కా?"

"వేట నిషేధం ఇయ్యాల్టితో అయిపోద్దండి. తెల్లారేసరికి బోట్లన్నీ బయల్దేరతాయి. రెండు నెల్లు ఇంట్లో కూర్చున్నాడు. మొదటి వేటకి ఎక్కకపోతే ఆయన చోట్లో ఇంకొకణ్ణి ఎక్కించేసుకుంటారు. మరి నేనూ పిల్లా వస్తే రానిస్తారా?"

"రండక్కా. ఎందుకు రానివ్వరు? మీరిద్దరూ రండి."

ఆ పిల్ల అప్పటికే తివాచీ మీద చెప్పులు విడిచి అటూ ఇటూ నడుస్తోంది. "అమ్మా, ఇట్టాగేనా? మెల్లిగా వెళ్ళాలా, తొందరగా వెళ్ళాలా?" అని అడుగుతోంది. నన్ను చూసి, "టీచర్, నా కిరీటం మీద చేప బొమ్మ వేస్తారా?" అంది. నేను ఏమీ చెప్పకముందే, "పండుగప్ప వెయ్యండి. మామూలు చేప కాదు" అంది. అంత మాట్లాడే పిల్ల. ఇది గుర్తుపెట్టుకోవాలి.

నేను చేప వేశాను. పండుగప్పలా వచ్చిందో లేదో తెలియదు.

మర్నాడు పది గంటలకల్లా కార్లు నిండిపోయాయి. గుడివాడ వాళ్ళు పట్టుబట్టల్లో దిగారు. అవనిగడ్డ బస్సు ఆలస్యంగా వచ్చినా కార్యక్రమం మొదలవలేదు, ఎందుకంటే రాహుకాలం ఇంకా దాటలేదు. ప్రిన్సిపాల్ మేడమ్ వాచీ చూసుకుంటూ, "ఇంకొంచెం ఆగుదాం, మంచి టైములో మొదలుపెడితే ఏడాదంతా బాగుంటుంది" అంది. పిల్లలు ఎండలో నిలబడ్డారు. వాచ్‌మన్ గేటు ముందు గుమ్మడికాయ కొట్టాడు. కొత్త బస్సు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అవన్నీ నేను చూశాను, ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఈ సంగతి మళ్ళీ చెప్పాల్సి వస్తుంది.

రాహుకాలం దాటాక మేడమ్ మైకందుకుంది. "ఇది మీ స్కూలు కాదండీ, మీ ఇల్లు. ఇక్కడ ప్రతి ఫ్యామిలీ మా ఫ్యామిలీ" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్కో కుటుంబం తివాచీ మీద నడిచొచ్చింది. గుడివాడ నుంచి వచ్చిన ఒక పిల్లాడు బట్టీపట్టిన మాట అప్పజెప్పాడు. "మై డాడీ ఈజ్ మై సూపర్‌హీరో" అనగానే ఆ డాడీ ఎన్నికల్లో గెలిచినవాడిలా సభకు రెండు చేతులూ జోడించి తిరిగాడు.

తర్వాత ఆ పిల్లా తల్లీ వచ్చారు. తల్లి నీలం చీర కట్టుకుంది. మెళ్ళో కొత్త చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ గొలుసు మెరుస్తోంది. పిల్ల సాయంత్రం నేర్చుకున్నట్టే మెల్లిగా, పాదాలు చూసుకుంటూ నడిచింది. నేను కిరీటం పెట్టాను. చేప బొమ్మను వేలితో తడిమి చూసుకుని నవ్వింది.

"హూ కేమ్ విత్ యూ?" అని మేడమ్ అడిగింది.

"మై మదర్."

"గుడ్! వేర్ ఈజ్ డాడీ?"

"ఫిషింగ్, మేడమ్."

"వావ్! వెన్ విల్ డాడీ కమ్ బ్యాక్?"

పిల్ల పెదాలు బిగించింది. ఆ బిగింపు నాకు తెలుసు. నా పెదాలు కూడా వాటంతటవే బిగుసుకున్నాయి.

మేడమ్ వంగి, మైకు ఆ పిల్ల నోటికి ఇంకా దగ్గరగా పెట్టి, తెలుగులో అడిగింది. "నాన్న ఎప్పుడొస్తాడు, బంగారం? టెల్ మీ. రేపా? ఎల్లుండా?"

పిల్ల తల్లివైపు చూసింది. తల్లి తలొంచుకుని వద్దన్నట్టు చెయ్యి ఊపింది. ముందు వరసలో ఇద్దరాడవాళ్ళు నా పక్కనే కూర్చున్నారు.

"ఇంగ్లీషు రాదేమో పాపం."

"తెలుగులో అడిగినా చెప్పట్లేదుగా వదినా. అసలు మొగుడున్నాడో లేడో."

"ఊరుకో, వింటుంది."

"విననియ్యి. గొలుసు చూడు, మన ఊళ్ళోదే."

మేడమ్ మూడోసారి అడిగింది. అప్పుడు ఆ తల్లి, "వద్దండీ. ఆ మాట అడగొద్దండి" అంది. గట్టిగా అనలేదు, కానీ మైకు దగ్గరే ఉంది. ఆ మాట స్పీకర్లలోంచి స్కూలంతా వినబడింది. ఏదో పెద్ద గుట్టు బయటపడినట్టు అందరూ ఆవిడ మొహంలోకి చూశారు.

మేడమ్ గలగలా నవ్వేసింది. "ఓకే, ఓకే. సో షై! డోంట్ వర్రీ పేరెంట్స్. ఒక్క మూణ్ణెల్లు మాకివ్వండి, ఈ పాపే ఇదే స్టేజి మీద మీకు స్పీచ్ ఇస్తుంది!" చప్పట్లు మోగాయి.

నా చేతుల్లో మిగతా కిరీటాలున్న ట్రే ఉంది. కిందికి చూసేసరికి ఒక కిరీటం నా గుప్పిట్లో నలిగిపోయి ఉంది. మైకు నాకు రెండడుగుల దూరంలో ఉంది. దాన్ని లాక్కుని ఏం చెప్పాలో మాటలతో సహా నాకు తెలుసు. కాళ్ళు కదల్లేదు. సిగ్గు వల్ల అంటే నేనొప్పుకోను. అంత కోపంలో నోరు తెరిస్తే మాట రాదు, అరుపు వస్తుంది. నాకు అరవడం ఎవరూ నేర్పలేదు.

మధ్యాహ్నం మేడమ్ తన గదిలోకి పిలిచింది. "ఆ హార్బర్ పాప ఫస్ట్ క్లాస్‌కి రెడీగా లేదు. కమ్యూనికేషన్ జీరో. మళ్ళీ యూకేజీలో కూర్చోబెడదాం. మదర్‌కి నువ్వు ఫోన్ చేసి చెప్పెయ్. నువ్వయితే మెత్తగా చెప్తావు."

"ఆ పాపకి మాటలొచ్చు మేడమ్" అన్నాను. నా గొంతు నాకే వింతగా వినబడింది. "మొదటి రెండూ ఇంగ్లీషులోనే చెప్పింది. మూడోది తెలియక కాదు. చెప్పకూడదని చెప్పలేదు."

"చెప్పకూడదా? ఏం?"

చెప్పాను. వేటలో ఉన్న మనిషి రాక గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరని, పిల్లలకు మాటలొచ్చినప్పటి నుంచీ అది నేర్పుతారని, ఆ పాప అందరి ముందూ అంత ఒత్తిడిలోనూ ఆ మాట దాటలేదని.

మేడమ్ కుర్చీలో వెనక్కి వాలింది. "ఓ మై గాడ్. సూపర్‌స్టిషన్! ఇదే మనం మార్చాల్సింది. మనది ఇంటర్నేషనల్ స్కూల్ అమ్మా."

"పొద్దున రాహుకాలం చూశాం గదా మేడమ్."

అనేశాను.

"అది వేరు" అంది మేడమ్. "అది మన కల్చర్."

నేను ఎన్ని పుస్తకాలు చదివానో తెలియదు గానీ, 'మన' అన్న ఆ చిన్న మాట అంత అసహ్యంగా ఎక్కడా కనబడలేదు. గుమ్మడికాయ కొడితే కల్చర్. నిమ్మకాయ తొక్కితే కల్చర్. ఎండలో పిల్లల్ని నిలబెడితే కల్చర్. తండ్రి నీళ్ల మీద ఉన్నప్పుడు ఒక పిల్ల నోరు మూసుకుంటే మాత్రం జబ్బు, దానికి యూకేజీ మందు.

"అయినా ఇవన్నీ నీకెలా తెలుసు?" అని అడిగింది.

"మా నాన్న కూడా బోటు మీద వెళ్ళేవాడు మేడమ్."

మూడేళ్లుగా పనిచేస్తున్నా ఆ సంగతి నేనెప్పుడూ చెప్పలేదు, వాళ్ళెప్పుడూ అడగలేదు. మేడమ్ నన్ను కొత్తగా చూసింది. ఆ చూపు జాలో ఏమో, కోపం కన్నా నాకు ఎక్కువ గుచ్చుకుంది. "ఓ... అందుకేనా నువ్వు కూడా ఇంత సైలెంటు" అంది.

"ఫోన్ నేను చెయ్యనండి. మీరే చెప్పండి" అని బయటికొచ్చేశాను. తలుపు మెల్లిగానే వేశాను. దడేల్మని వేయాల్సింది.

ఇంటికెళ్ళేసరికి నాన్న వరండాలో వల బాగుచేస్తున్నాడు. మోకాళ్ళు పాడయ్యాక వేటకెళ్ళడం మానేసి, ఇతర బోట్ల వలలు కుడుతున్నాడు. నేను బ్యాగు కూడా దించకుండా అంతా చెప్పాను. నాన్న మధ్యలో ఆపాడు.

"మైకులో అడిగారా?"

"మైకులోనే. మూడుసార్లు."

వల కుట్టే చెయ్యి ఆగిపోయింది. "ఆ పిల్ల చెప్పలేదు గదా?"

"చెప్పలేదు."

"ఊఁ. మంచిది" అని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాడు. ఆ పిల్లను ఏ క్లాసులో వేస్తారన్నది నాన్నకు పట్టలేదు. బోటులో ఉన్న మనిషి గురించే ఆలోచించాడు. దారం ముడి బిగించి, "మీ మేడమ్ చేపలు తింటుందా?" అని అడిగాడు. తింటుందన్నాను. "మరి అవెట్టా వస్తాయనుకుంటుంది?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

రెండ్రోజుల తర్వాత మేడమ్ ఆ తల్లీకూతుళ్ళను ఆఫీసుకు పిలిచి 'ఇంకో అవకాశం' ఇచ్చింది. నన్ను కూడా ఉండమంది. పలకరింపులయ్యాక, రంగులు అడగొచ్చు, లెక్కలు అడగొచ్చు, ఏదైనా చదివించొచ్చు. కానీ మేడమ్‌కు పంతం. "నౌ టెల్ మీ బేబీ, డాడీ ఎప్పుడొస్తారు? ఇక్కడ మనమే ఉన్నాం, భయం లేదు" అంది. పిల్ల మళ్ళీ పెదాలు బిగించింది. ఈసారి కళ్ళు మాత్రం నా మీద పెట్టింది.

"వేరే ఏదన్నా అడగండి మేడమ్" అన్నాను.

"నువ్వు కాసేపాగు."

తల్లి లేచి నిలబడింది. "ఏ క్లాసులో కూర్చోబెడతారో మీ ఇష్టమండి. దాని చేత ఆ మాట మాత్రం చెప్పించకండి. ఆయన నీళ్ళ మీదున్నాడు" అంది. చేతులు జోడించి అంది. ఆ జోడించిన చేతులు ఇప్పటికీ నా కళ్ళముందు నుంచి పోవు. తప్పు చేసింది ఎవరు, దణ్ణం పెట్టింది ఎవరు!

పిల్లను యూకేజీలో కూర్చోబెట్టారు. అక్కడి బల్లలు చిన్నవి, మోకాళ్ళు పట్టక పక్కకు తిరిగి కూర్చునేది. యూకేజీ టీచరు లంచ్‌లో నాతో, "దీన్నెందుకు పంపించారే బాబూ? నేను చెప్పేలోపే అదే చెప్పేస్తోంది. పక్కవాళ్ళ చేత అక్షరాలు కూడా అదే దిద్దిస్తోంది" అంది. "ఆ ముక్క మేడమ్‌కి చెప్పు" అన్నాను. "నాకెందుకొచ్చిన గొడవ" అంది. నాకు ఆవిడ మీదా కోపం వచ్చింది. ఆ వారమంతా అందరి మీదా కోపమే. బెలూన్లలో గాలి తీసి వాటిని చెత్తబుట్టలో పడేస్తుంటే, నేనే ఊదానన్న సంగతి గుర్తొచ్చి ఇంకా మండింది.

ఆ తల్లి సాయంత్రాలు పిల్ల కోసం వచ్చినప్పుడు గేటు బయటే నిలబడేది. ఒకరోజు నేనే వెళ్ళి పలకరించాను.

"ఇక్కడ మాన్పించేస్తామమ్మా. మా హార్బరు దగ్గర మున్సిపల్ బడుంది గదా, అక్కడ అడిగొచ్చాను. ఒకటో తరగతిలోనే కూర్చోబెడతామన్నారు. అక్కడి టీచర్లు ఇట్టాంటివి అడగరు, సగం మంది పిల్లలు మావాళ్ళే."

ఉండమని నేననలేదు. ఏ మొహంతో అంటాను? 'ఇది మీ ఇల్లు' అని స్పీకర్లలో చెప్పిన చోట, తన ఇంటి మాటను బయటపెట్టనందుకు పిల్లను వెనక్కి నెట్టారు.

ఇప్పుడు మళ్ళీ జూన్ వచ్చింది. ఈ ఏడు వెల్‌కమ్ డేకి పిల్లల్ని అడిగే ప్రశ్నలు మేడమ్ ముందే గ్రూపులో పెట్టింది. నాన్న ఎక్కడ, ఎప్పుడొస్తారు అన్నవి అందులో అలాగే ఉన్నాయి. నేను గ్రూపులోనే, అందరూ చూసేలా, వాటిని తీసేయమని తెలుగులో రాశాను. ఎవరూ జవాబివ్వలేదు. ఇద్దరు బొటనవేలు బొమ్మ పెట్టి వెంటనే తీసేశారు. ఈసారి తివాచీ మీద వేటవాళ్ళ పిల్ల ఎవరు నడిచొచ్చినా నేను ట్రే కింద పెట్టి మైకు దగ్గరకు వెళ్తాను. గొంతు వణుకుతుంది, వణకనీ.

పోయిన ఏడు ఆ పిల్ల మా స్కూల్లో ఉన్న చివరి రోజు మాత్రం నాకు బాగా గుర్తుంది. బోటు ఆ తెల్లవారుజామున ఒడ్డుకొచ్చింది. మధ్యాహ్నానికల్లా తల్లీ తండ్రీ ఇద్దరూ వచ్చారు. ఆయన ఎండకు నల్లగా కమిలి, కొత్త చొక్కా వేసుకుని, ఆఫీసు బయట నిలబడి ఉన్నాడు. మేడమ్ మీటింగులో ఉందన్నారు. టీసీ కాగితాలు క్లర్కు ఇచ్చేశాడు. నేను ఒకటో తరగతి గదిలోంచి పరుగున గేటు దగ్గరకు వెళ్ళాను. పిల్ల నలిగిన చేప కిరీటం పెట్టుకుని తండ్రి భుజం మీద కూర్చుంది. నన్ను చూసి ఆయన్ని ఆపింది. కిందికి దిగి నా దగ్గరకు పరిగెత్తుకొచ్చి, నా చున్నీ అంచు పట్టుకుంది. గేటు దగ్గరున్న వాచ్‌మన్ దాకా వినబడేలా, ఒక్క గుక్కలో చెప్పింది.

"నాన్నొచ్చేశాడు టీచర్! ఇప్పుడడగండి!"